ఆ కొండ పేరు చెప్పను

ఆ కొండ పేరు చెప్పను. గాజువాక నుంచి బస్సులో వెళ్ళాలి, తరువాత షేర్ ఆటోలో, ఆ తరువాత నడిచి. అంతవరకే చెబుతాను. ఇంతకు ముందు ఎవరైనా అడిగితే మర్యాద కోసమైనా ఏదో ఒకటి చెప్పేదాన్ని. పోయిన వేసవి నుంచి ఆ మర్యాద మానేశాను.

నేను సీతమ్మధారలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున్న ఆరున్నరకి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మనుషుల రక్తం తీస్తాను. సూది చూడలేక చాలామంది మొహం అటు తిప్పుకుంటారు. నన్ను చూడని మనుషులతో నాకు ఇబ్బంది లేదు. చూసేవాళ్ళతోనే. ముప్పై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి చేసుకోని ఆడదాన్ని బస్సులోనూ, మేడ మెట్ల మీదా, సొంత వంటింట్లో కూడా జనం ఒక రకంగా చూస్తారు. ఆ చూపులో కోపం ఉండదు, ప్రశ్న ఉంటుంది. జవాబు కూడా వాళ్ళే సిద్ధంగా పెట్టుకుని ఉంటారు. కెమెరా నేను ప్రకృతి మీద ప్రేమతో కొనలేదు. ఆ చూపుల నుంచి దాక్కోవడానికి కొన్నాను. కెమెరా కంటికి ఆనించుకున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. ప్రేమ తరువాత వచ్చింది, మెల్లగా, నాలాగే అనుమానపడుతూ.

శనివారం డ్యూటీ అయ్యాక టెంటు వీపుకి తగిలించుకుని బయలుదేరేదాన్ని.

"ఒక్కదానివే కొండ మీద పడుకుంటావా?" అని అమ్మ ఏడేళ్ళుగా ప్రతి శనివారమూ అడుగుతోంది.

"టెంటులో ఇద్దరు పట్టరమ్మా" అని నేనూ ఏడేళ్ళుగా చెబుతున్నాను.

"ఈ ఎక్కే జబ్బు మీ నాన్న నుంచే వచ్చింది నీకు" అనేది అమ్మ, చపాతీలు కాగితంలో చుడుతూ.

అది నిజం. నాన్న పేరు సత్యం. గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, ముప్పై ఏళ్ళు చిమ్నీల మీద ఎర్రదీపాలు మార్చే పని చేశాడు. విమానాలకి కనబడడానికి పెట్టే దీపాలవి. నడుముకి బెల్టు కట్టుకుని, ఇనప నిచ్చెన మీద ఒక్కో మెట్టూ ఎక్కి, మాడిన దీపం తీసి కొత్తది బిగించి దిగేవాడు. రిటైరయ్యి ఏడేళ్ళయినా సాయంత్రం డాబా ఎక్కి, "మూడోదాని మీద దీపం ఒకటి వెలగట్లేదు" అని ఎవరికో ఫోన్ చేస్తాడు. అవతలివాళ్ళు "అలాగే సత్యంగారూ" అంటారు. రెండు రోజుల్లో ఆ దీపం వెలుగుతుంది.

గూబ కనబడింది జనవరి చివరి ఆదివారం, వెలుగు రావడం మొదలయ్యాక. చిన్న లోయకి ఇవతల ఒక చదును బండ మీద టెంటు వేశాను. అవతలి కొండచరియలో, బండల మధ్య అరుగులాంటి చోట, నేను రాయి అనుకున్నది కళ్ళు తెరిచింది. నారింజ రంగు కళ్ళు. తల మీద రెండు కొమ్ముల్లాంటి ఈకలు. గుడ్ల మీద కూర్చుని ఉంది. ఈ జాతి గూబ గూడు కట్టదు, ఉత్త రాతి మీదే పెడుతుంది. పైన పగుల్లోంచి పుట్టిన జువ్విచెట్టు కొమ్మ ఒకటి ఆ అరుగు మీద నీడ పట్టింది. ఆ కొమ్మ వల్ల ఇంకెక్కడి నుంచి చూసినా అరుగు కనబడదు. నా బండ మీద నుంచి మాత్రమే కనబడుతుంది. ఆ బండేమో రెండు నులక మంచాలు వేస్తే నిండిపోయేంత.

అది నన్ను చూసింది. ఆ చూపులో ప్రశ్న లేదు. నేను పెళ్ళి చేసుకున్నానా, ఎందుకు చేసుకోలేదు, ముందు ముందు ఎవరు చూస్తారు నన్ను, ఇవేవీ దానికి అక్కర్లేదు. నేను కదులుతానా లేదా, అంతే. నేను కదల్లేదు. చాలా సేపటికి ఒకే ఒక్క ఫోటో తీశాను.

ఆ ఫోటో ప్రింటు వేయించి హాల్లో మేకుకి తగిలిస్తే అమ్మ గోల పెట్టింది. "గూబ బొమ్మా? ఇంట్లోనా? ఎవరైనా వింటే నవ్విపోతారే!"

నాన్న కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళాడు. చాలా సేపు చూశాడు. "నువ్వు గూబని చూడకు, భవానీ. దాని వెనకాల చూడు."

వెనకాల రెండు బండల సందులో, దూరంగా, మసకగా, చిమ్నీలు ఉన్నాయి. ఫోటో తీసేటప్పుడు నేను వాటిని పట్టించుకోనే లేదు. ఈ ఊళ్ళో ఎటు తిరిగినా ఉంటాయి, కంటికి ఆనవు.

"నువ్వు ఎక్కడ నించుని తీశావో చెప్పనా?" అన్నాడు నాన్న.

"చెప్పు చూద్దాం."

"పెద్దదాని భుజానికి చిన్నది ఆనుకుని కనబడుతోంది. మధ్యలో సందు లేదు. అలా కనబడాలంటే..." అంటూ టేబుల్ మీద వేలితో గీత గీసి, ఒక చోట ఆపాడు. కొండ పేరు చెప్పాడు. ఏ వైపు చరియో చెప్పాడు. "పైనుంచి చూసేవాణ్ణమ్మా అన్నిట్నీ. దీపం మార్చాక ఒక బీడీ కాల్చేంత సేపు కూర్చునేవాణ్ణి. అక్కణ్ణుంచి ఆ బండ తెల్లగా కనబడేది. అక్కడికి ఎవరైనా వెళ్తారా అనుకునేవాణ్ణి. చూడు, నువ్వే వెళ్ళావ్."

నాకు ఎంత సంతోషమేసిందంటే, భయపడడం మరిచిపోయాను. ఆ వేసవిలో నేను చేసిన పెద్ద తప్పు అది. ప్రింటు గోడ మీదే ఉంచాను.

మార్చి మొదటి వారానికి గుడ్లు పిల్లలయ్యాయి. రెండు. బూడిదలో దొర్లించిన దూది ముద్దల్లా ఉండేవి. అదే వారం మా తమ్ముడు మణికంఠ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

వాడికి ముప్పై ఒకటి. ఒక కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం పోయి ఏడాదైంది. రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల కుర్రవాళ్ళని శనాదివారాలు కొండల మీదికి తీసుకెళ్ళి టెంట్లు వేయించే పని మొదలుపెట్టాడు. టెంటు వేయడం నేనే నేర్పాను. వాడు బాగా చేస్తాడు కూడా. మనుషులు వాడి చుట్టూ చేరతారు, నా చుట్టూ చేరరు.

"అక్కా, ఒకటడుగుతాను, కోప్పడకు" అన్నాడు. "వీర్రాజన్న తెలుసు కదా, ఫోటోల క్లబ్బు. హైదరాబాదు నుంచి ఆయన ఫ్రెండ్సు ఏడుగురు వత్తన్నారు. పెద్ద పెద్ద లెన్సులోళ్ళు. ఆళ్ళకి గూబ గూడు కావాల. నాను చూపిత్తానని మాటిచ్చీసాను."

"నీకు తెలీదు కదా అది ఎక్కడుందో."

"నీకు తెలుసు కదా!"

"నాకు తెలుసు. చెప్పను."

వాడు నవ్వాడు, నేను ఆట పట్టిస్తున్నాననుకుని. తరువాత నవ్వడం ఆపేశాడు.

"ఏటక్కా ఇది? ఒక్కసారి ఆళ్ళని సంతోషపెడితే ఏడాదంతా వత్తారు. నా పని నిలబడిపోద్ది. ఫోటో తీత్తే ఏటైపోద్ది దానికి? నువ్వు తియ్యలేదేటి?"

"నేను ఒక్కదాన్ని. ఒక్క ఫోటో. ఎనిమిది మంది వెళ్తే తల్లి లేచిపోతుంది, మణీ. అరగంట అది లేకపోతే కాకులొస్తాయి. కాకులు రాకపోతే ఎండ. ఆ రాయి పదింటికల్లా పెనంలా కాలుతుంది."

"నాకంటే గూబెక్కువా నీకు?"

ఆ ప్రశ్నకి వాడికి కావలసిన జవాబు నా దగ్గర ఉంది. ఇవ్వలేదు. వాడు వెళ్ళిపోయాక మంచం మీద కూర్చుని నన్ను నేను పరీక్షించుకున్నాను. ల్యాబ్‌లో స్లైడు మీద రక్తం చుక్క చూసినట్టు చూడడం నాకు అలవాటు. నా నిరాకరణలో పిల్లల మీద జాలి ఎంత? అది నా ఒక్కదానిదే అన్న ఆశ ఎంత? ఆశే ఎక్కువ కనబడింది. ప్రపంచంలో ఎవరికీ తెలియనిది నాకు ఒకటి ఉంది, దాన్ని ఎవరితోనూ పంచుకోను, అంతే. కానీ స్లైడు ఇంకా కాసేపు చూస్తే ఇంకొకటి తెలిసింది. నా కారణం మంచిది కాకపోయినంత మాత్రాన గూబ పిల్లలకి ఎండ తగ్గదు. కారణం ఏదైనా కానీ, చెప్పకూడదు. ఆ రోజు నుంచి నా మనసుని శుభ్రం చేసుకునే పని వదిలేసి, నోరు మూసుకునే పని పట్టుకున్నాను.

కొండకి అవతల చేపలవాళ్ళ ఊరు ఉంది. ఆటో కోసం ఎదురుచూసే చోట అప్పలసూరి అనే ముసలాయన వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. అంతవరకు పలకరింపు తప్ప ఏమీ లేదు. ఆ ఆదివారం తానే మాట్లాడాడు.

"ఏటి పాపా, వారం వారం ఒక్కర్తివే ఎల్తన్నావ్? ఏటి దొరుకుతాది కొండ మీద?"

"ఏమీ దొరకదు బాబాయ్. చూసి వస్తాను, అంతే."

"సూత్తావా. మంచిదే." దారం పళ్ళతో కొరికాడు. "సూసిన సోటు ఎవులికీ సెప్పకు."

నేను ఉలిక్కిపడ్డాను. ఆయనకి గూబ సంగతి తెలిసే అవకాశం లేదు. ఆయన తన సంగతి చెబుతున్నాడు.

"సముద్రం మీద గుర్తులేటుంటాయి సెప్పు? ఒడ్డు మీద కొండ కొస, దానెనకాల చిమ్నీ. అయ్యి రెండూ ఒక గీత మీదకి ఒచ్చిన కాడ, ఇంకో పక్క దీపస్తంభం గుడి మీదకి ఒచ్చిన కాడ, కింద రాయుంటాది. రాయుంటే సేపుంటాది. ఆ గీతలు మా అయ్య నాకు సెప్పినాడు. నాను కొడుక్కి సెప్పినాను. అల్లుడికి సెప్పనేదు."

"అల్లుడు అడగలేదా?"

"అడక్కేటి! పెళ్ళి పీటల మీద కాణ్ణుంచీ అడుగుతన్నాడు." నోట్లో పళ్ళు తక్కువ, నవ్వు ఎక్కువ. "పది బోట్లకి తెలిసీసిందంటే ఆ రాయి సచ్చిపోద్ది పాపా. అంతే. పక్క బోటోళ్ళు మా ఎనకాలే ఒత్తారు. అప్పుడేటి సేత్తామో తెలుసా? రాయి నేని కాడ వలేసీసి పొద్దంతా కూకుంటాం. ఆళ్ళూ ఏసీసుకుంటారు."

"అబద్ధం కదా బాబాయ్ అది?"

"అబద్దమేటి? నాను నోరిప్పితే గదా!"

ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాను. పక్క సీటావిడ నన్ను అనుమానంగా చూసింది. చూడనీ అనుకున్నాను.

తరువాతి గురువారం డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో కొత్త చెప్పులు ఉన్నాయి. హాల్లో వీర్రాజు కూర్చుని టీ తాగుతున్నాడు. హార్డ్‌వేర్ షాపాయన, పెద్ద పొట్ట, మెత్తటి గొంతు. పక్కన మణికంఠ. ఎదురుగా నాన్న కాదు, నాన్న వీపు. నాన్న ప్రింటు ముందు నిలబడి ఉన్నాడు.

"ఆయ్, అదేనండీ" అంటున్నాడు. "పెద్దదాని భుజానికి చిన్నది ఆనుకుంది. సందు లేదు చూడండి. అంటే మీరు అటు వైపు నుంచి..."

"నాన్నా" అన్నాను.

"రా అమ్మా. వీర్రాజుగారు నీ ఫోటో చూసి ఎంత మెచ్చుకుంటున్నారో!"

"చెప్పేశావా?"

నాన్న వేలు ఇంకా ఫోటో మీదే ఉంది. ఆయన మొహంలో ఉన్నది గర్వం. ముప్పై ఏళ్ళు ఎక్కిన చిమ్నీల గురించి ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చి అడిగాడు. రిటైరయ్యాక ఎవరూ అడగలేదు. ఆ గర్వం కరిగి ఇంకొకటిగా మారడానికి నాలుగైదు క్షణాలు పట్టింది. ఆ క్షణాల్లో నేను ఆయన్ని చూడకుండా ఉండవలసింది.

"చాలా గొప్ప ఫోటో మేడం" అన్నాడు వీర్రాజు, కప్పు కింద పెడుతూ. "ఆదివారం మీరు కూడా మాతో రావాలి."

"వస్తాను" అన్నాను.

మణికంఠ తలెత్తి చూశాడు. వాడికి నేను తెలుసు. ఆ మాట వాడికి నచ్చలేదు.

ఎవరికైనా ఫిర్యాదు చేద్దామా అని ఆలోచించాను. ఎవరికి చేసినా ముందు అడిగేది చోటే. వద్దనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం టెంటు సర్దుకుంటుంటే పెరట్లోంచి చప్పుడు వచ్చింది. మణికంఠ నూరుడు రాయి మీద కత్తి నూరుతున్నాడు. దారిలో పొదలు కొట్టడానికి వాడు ఎప్పుడూ తీసుకెళ్ళే కత్తే. కానీ ఆ వేళ చాలా సేపు నూరాడు. నీళ్ళు చల్లడం, నూరడం, మళ్ళీ నీళ్ళు. నా గది కిటికీ కింద నూరాడు. నాకు వినబడాలని నూరాడనే అనుకుంటున్నాను.

కెమెరా బల్ల మీద పెట్టేశాను. సంచీ తేలికైపోయింది.

"మర్చిపోయావే" అంది అమ్మ, కెమెరా చూపించి.

"మర్చిపోలేదు."

అమ్మ చపాతీల పొట్లం ఇచ్చింది. మామూలు కంటే పెద్దది. "రెండు రోజులకి సరిపోతాయి" అంది. ఒక్కదానివే పడుకుంటావా అని అడగలేదు. ఏడేళ్ళలో మొదటిసారి.

ఆ సాయంత్రం బండ మీద టెంటు అడ్డంగా వేశాను, ఇటు అంచు నుంచి అటు అంచు దాకా. మిగిలిన చోట నేను కూర్చుంటే నిండిపోతుంది. ప్రణాళిక అంటూ ఏమీ లేదు. ఉన్నదల్లా నా ఒళ్ళు, దాని వెడల్పు.

ఆదివారం సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తుండగా కింద మాటలు వినబడ్డాయి. తరువాత వాళ్ళు వచ్చారు. ఏడుగురు మగవాళ్ళు, ఆకుల బొమ్మల చొక్కాలు, భుజాల మీద మోకాలి ఎత్తు లెన్సులు. ముందు మణికంఠ, చేతిలో కత్తి. వెనక రొప్పుతూ వీర్రాజు, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి.

"అక్కా, టెంటు తియ్యి" అన్నాడు మణికంఠ.

"తియ్యను."

"ఆళ్ళు కూకోవాల అక్కడ."

"నేను కూర్చున్నాను కదా."

వెనక ఒకడు గట్టిగా అన్నాడు. "ఏంటండీ ఇది? కొండ ఈవిడ సొంతమా?"

"కాదు. మీదీ కాదు" అన్నాను. "పడుకున్న పిల్లలున్న ఇంటికి వచ్చారు. మెల్లగా మాట్లాడండి."

ఎవరో నవ్వారు. ఒకడు లెన్సు ఎత్తి, నన్ను దాటించి తీయడానికి చూశాడు. నేను కొంచెం పక్కకి జరిగాను. వాడూ జరిగాడు. నేను మళ్ళీ జరిగాను.

"మేడం, మీరు ఫ్రేములో పడుతున్నారు!"

"తీసుకోండి. నన్నే తీసుకోండి."

అప్పుడు అందరూ నన్ను చూశారు. అది నాకు తెలిసిన చూపే. బస్సులో, మెట్ల మీద, వంటింట్లో. ఈవిడ ఎవరు, ఈవిడకి ఎవరూ లేరా, ఉంటే ఇలా కూర్చుంటుందా? దాని నుంచి దాక్కోవడానికే కదా ఏడేళ్ళు కొండలెక్కాను. ఇప్పుడు ఏడు అద్దాల ముందు, దాక్కోవడానికి కెమెరా కూడా లేకుండా, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను. చెమట పడుతోంది, జుట్టు చెదిరింది. చూడండి అనుకున్నాను. ఎంత సేపు చూస్తారో చూడండి. మీరు నన్ను చూస్తున్నంత సేపూ దాన్ని చూడలేరు. ఆ ఆలోచన రాగానే నా లోపల ఏళ్ళ తరబడి బిగిసి ఉన్నదేదో వదులైంది. దాక్కోవడం కంటే అడ్డం కూర్చోవడం సులువని నాకు ఎవరూ చెప్పలేదు.

వీర్రాజు బండ పక్కకి వచ్చి, మోకాలు పట్టుకుని, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. షాపులో వాడే మర్యాద భాష వదిలేశాడు.

"సూడు సెల్లెమ్మా, నాకు యాభై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ పోయినాయి. మళ్ళీ ఏడు ఈ కొండ ఎక్కుతానో నేదో. పిల్లల్తో ఉన్న గూబని నాను ఒక్కసారీ తియ్యనేదు. ఆళ్ళందర్నీ పంపించీసి నానొక్కణ్ణే తీత్తాను. ఒక్కటంటే ఒక్కటి."

అబద్ధం కాదది. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. నేను తీసిన ఒక్కటీ ఆయనకి ఎందుకు ఉండకూడదు? ఆ ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది.

"వద్దు అన్నయ్యా" అన్నాను. "నేను తీయడమే తప్పు. మీరూ చేయకండి."

ఆయన లేచి, మొహం గట్టిపరుచుకున్నాడు. లోయ అవతల ఉన్న జువ్విచెట్టు వైపు చెయ్యి చూపించాడు. "మణీ, ఆ కొమ్మ ఒక్కటీ కొట్టీ తమ్ముడూ. ఇటుపక్క నుంచి తీసీసుకుంటాం. ఈవిడగారిని కూకోనీ."

ఈ దారి నాకు తట్టలేదు. నా ఒళ్ళు వెడల్పు బండకే సరిపోతుంది, కొమ్మకి సరిపోదు.

"మణీ" అన్నాను.

వాడు నా వైపు చూడలేదు. లోయ దాటి, బండలు పట్టుకుంటూ చెట్టు మొదలు దాకా వెళ్ళాడు. ఆ అలికిడికి గూబ లేచి నిలబడింది. మెడ సాగదీసి, రెక్కలు సగం విప్పింది. దాని కింద నుంచి రెండు దూది ముద్దలు బయటపడ్డాయి. ఒకటి తూలుతూ రెండు అడుగులు వేసి, అంచు దగ్గర ఎండ తగలగానే వెనక్కి, కొమ్మ నీడలోకి జరిగింది. మణికంఠ ఆరు అడుగుల దూరంలో ఉన్నాడు. వాడికి అది కనబడిందని నాకు తెలుసు. కత్తి పైకెత్తి ఉన్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

తరువాత చెయ్యి దించి, కత్తి అంచు మీద బొటనవేలు రాశాడు. ఇంకోసారి రాశాడు.

"దీనికి పదును నేదన్నా" అన్నాడు.

"ఏటి?"

"కత్తికి పదును నేదు. తెగదు. ఎండెక్కిపోతంది, పదండి దిగిపోదాం."

ముందు వాడే దిగడం మొదలుపెట్టాడు. కొంతమంది తిట్టుకున్నారు, ఒకడు డబ్బు వెనక్కి ఇవ్వాలన్నాడు. కానీ దారి తెలిసినవాడు వాడొక్కడే. ఒక్కొక్కరుగా వాడి వెనకే వెళ్ళారు. వీర్రాజు ఆఖర్న వెళ్ళాడు, వెనక్కి తిరిగి అరుగు వైపు చూస్తూ. మాటలు కిందికి, కిందికి వెళ్ళి ఆగిపోయాయి. గూబ ఇంకా చాలా సేపు నిలబడే ఉంది. పావుగంటయ్యాక కూర్చుంది.

నేను కథలు చదివే మనిషినే. ఇలాంటప్పుడు తమ్ముడు వచ్చి అక్క చెయ్యి పట్టుకోవాలి. వాడు పట్టుకోలేదు. ఆ వారంలోనే రుషికొండ దగ్గర గది తీసుకుని టెంట్లన్నీ అక్కడికి మార్చేశాడు. హైదరాబాదు వాళ్ళు మళ్ళీ రాలేదు. వీర్రాజు వాడి ఫోన్ ఎత్తడం మానేశాడు. వానలు పడేదాకా వాడు నాతో మాట్లాడలేదు. నాన్నతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. అమ్మ మాత్రం ప్రతి బుధవారమూ రెండు బస్సులు మారి వాడికి కూర తీసుకెళ్ళేది. తిరిగి వచ్చి, "చిక్కిపోయాడు" అనేది, నన్ను చూస్తూ. నేను చూపు తిప్పుకునేదాన్ని కాదు.

"నువ్వు ఆ రోజు లేచి ఉంటే వాడు ఇంట్లో ఉండేవాడు" అంది ఒకరోజు.

"ఉండేవాడు" అన్నాను. "అయినా లేవను."

అమ్మ గోడ మీద ప్రింటు వైపు చూసింది. దాన్ని తీసేయమని అనలేదు. అది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఏప్రిల్ మూడో వారం వెళ్ళేసరికి అరుగు ఖాళీ. సాయంత్రం దాకా కూర్చున్నాను. వెలుగు తగ్గుతుండగా కింద పొదలో ఏదో కదిలింది. సగం ఈకలు, సగం దూది, కోపంగా ఉన్న మొహం. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి. రెండూ నడిచి దిగిపోయాయి, రెక్కలు రాకముందే. వాటి అలవాటు అది. ఫోటో తీయలేదు. కాబట్టి మీరు నా మాట నమ్మాలి, నమ్మకపోయినా నాకు నష్టం లేదు.

ఆ రాత్రి ఉండకుండా ఆఖరి ఆటోకి దిగి ఇంటికి వచ్చేశాను. హాల్లో లైటు వెలుగుతోంది. నాన్న టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ప్రింటు ఫ్రేములోంచి బయటికి తీసి ముందు పెట్టుకున్నాడు. చేతిలో అమ్మ కుట్టుపని కత్తెర.

నేను గుమ్మంలోనే ఆగాను.

చిమ్నీలున్న ముక్కని, బండల అంచు వెంబడే, చెయ్యి వణకకుండా కత్తిరిస్తున్నాడు. ఆ చెయ్యి ఎప్పుడూ వణకదు. కత్తిరించడం అయ్యాక ముక్కని దీపం వైపు పట్టుకుని ఒకసారి చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన ఫోటోని మళ్ళీ ఫ్రేములో బిగించి మేకుకి తగిలించాడు. గూబ వెనకాల ఇప్పుడు ఒక తెల్లటి ఖాళీ ఉంది.

"పిల్లలు?" అన్నాడు, నా వైపు తిరగకుండా.

"రెండూ ఉన్నాయి నాన్నా."

"సరే, అన్నం తిను."

మణికంఠ జూన్‌లో మొదటి వాన పడ్డాక ఒక ఆదివారం వచ్చాడు. భోజనం చేశాడు. ప్రింటులో ఖాళీ చూశాడు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా, "ఎలగున్నాయి ఆ గూబ గుంటలు?" అన్నాడు.

"ఎగిరిపోయాయి."

"ఎక్కడికి?"

"చెప్పను."

"సెప్పకు" అని బండి స్టార్ట్ చేశాడు. వాడు నవ్వాడో లేదో హెల్మెట్‌లో కనబడలేదు.

ఇది రాశాక ముందు నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. తన గురించి రాసిన చోట ఆగలేదు. చిమ్నీల దగ్గర మాత్రం ఆగి, పెన్ను అడిగి తీసుకున్నాడు.

"ఇవి ఎలా కనబడతాయో ఉన్నదున్నట్టు రాశావేంటి? ఇది చదివి ఎవడైనా గీత గీసుకుంటే?" అని, నేను రాసినది కొట్టేసి, వేరే విధంగా రాశాడు. చిమ్నీల సంఖ్య మార్చాడు. సందు ఉన్నచోట లేదన్నాడో, లేనిచోట ఉందన్నాడో, అది మా ఇద్దరికే తెలుసు. లోయని కూడా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జరిపాడు.

జీవితంలో చిమ్నీల గురించి ఎవరికీ ఒక్క అబద్ధం చెప్పని మనిషి పేజీ మొత్తం మళ్ళీ ఒకసారి చదువుకుని, "ఇప్పుడు వెళ్ళమను" అన్నాడు.

మీరు చదివినది ఆయన దిద్దిన ప్రతి.